చలన సెన్సర్ చిన్నదైతే కొలత ఎక్కడ చెడుతుంది?

ఫోన్లు, స్మార్ట్ వాచీలు, మోటార్ల మీద బిగించే వైబ్రేషన్ మీటర్లు, వీటిలో చాలావాటిలో ఉండేవి సిలికాన్‌తో చేసిన యాక్సిలరోమీటర్లు (త్వరణాన్ని కొలిచేవి), గైరోలే (తిరిగే వేగాన్ని కొలిచేవి). సైజు తగ్గిస్తూ కచ్చితత్వం నిలుపుకోవడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. లెక్కలన్నీ మీరు కాగితం మీద సరిచూసుకోగలిగినవే.

ప్రశ్న: యాక్సిలరోమీటర్ డిజైన్ ప్రాజెక్టు చేస్తున్నాం. 400 × 400 మైక్రాన్ల దిమ్మ, 25 మైక్రాన్ల మందం, 2 మైక్రాన్ల సందుతో గీసిన లేఅవుట్‌ను అన్ని కొలతల్లోనూ సగానికి తగ్గించాం. సిమ్యులేషన్‌లో నాయిస్ దాదాపు మూడింతలైంది. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఎంటెక్ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ సిమ్యులేషన్ సరిగ్గానే చెబుతోంది. బొమ్మను ఫోటోలా కుదించడంలోనే చిక్కు ఉంది.

యాక్సిలరోమీటర్‌లో స్ప్రింగుల మీద వేలాడే సిలికాన్ దిమ్మ ఉంటుంది. దిమ్మకీ, పక్కన కదలని భాగానికీ దువ్వెనలాంటి పళ్ళుంటాయి; దిమ్మ జరిగితే వాటి మధ్య సందు మారి, కెపాసిటెన్స్ (విద్యుదావేశం నిలుపుకునే సామర్థ్యం) మారుతుంది, దాన్నే సిగ్నల్‌గా చదువుతాం. చుట్టూ ఉన్న గాలి అణువులు దాన్ని ఎప్పుడూ తడుతూనే ఉంటాయి. ఆ కదలికే నాయిస్‌కి అడుగుమట్టం, ఏ ఎలక్ట్రానిక్స్ పెట్టినా దానికంటే కిందికి దిగలేం. దాని విలువ సహజ పౌనఃపున్యపు (దిమ్మ తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్య) వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది, ద్రవ్యరాశి, క్యూ (ఒకసారి తడితే ఊపు ఎంతసేపు నిలుస్తుందో చెప్పే సంఖ్య) విలువల లబ్ధపు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది.

మీ మొదటి డిజైన్‌లో దిమ్మ బరువు 9.3 మైక్రోగ్రాములు. సహజ పౌనఃపున్యం 3 కిలోహెర్ట్జ్, క్యూ 1 అనుకుంటే గది ఉష్ణోగ్రత దగ్గర నాయిస్ రూట్ హెర్ట్జ్‌కు సుమారు 19 మైక్రో జీ (జీ అంటే భూమి గురుత్వ త్వరణం) వస్తుంది. అన్ని కొలతలూ సగమైతే బరువు ఎనిమిదో వంతుకి, అంటే 1.2 మైక్రోగ్రాములకి పడిపోతుంది. ఎనిమిదికి వర్గమూలం 2.83. సహజ పౌనఃపున్యం అదే 3 కిలోహెర్ట్జ్ దగ్గర నిలిస్తే నాయిస్ 53 మైక్రో జీ అవుతుంది. మీకు కనిపించిన మూడింతలు ఇవే.

ఇప్పుడు మందాన్ని 25 మైక్రాన్ల దగ్గరే ఉంచి పొడవు వెడల్పులు మాత్రమే సగం చేయండి. బరువు నాలుగో వంతే అవుతుంది, నాయిస్ రెండింతల దగ్గర ఆగుతుంది. అందుకే పరిశ్రమలో చిప్ విస్తీర్ణం తగ్గుతున్నా కదిలే పొర మందాన్ని తగ్గించరు, వీలైతే పెంచుతారు. సహజ పౌనఃపున్యాన్ని 3 నుంచి 1.5 కిలోహెర్ట్జ్‌కి దించితే నాయిస్ మరో 1.4 రెట్లు తగ్గుతుంది, ఒక జీకి దిమ్మ జరిగే దూరం నాలుగింతలవుతుంది. అయితే స్ప్రింగు అంత మెత్తబడితే దెబ్బ తగిలినప్పుడు దిమ్మ వెళ్ళి అతుక్కునే ప్రమాదం ఉంది. దాని సంగతి తర్వాతి జవాబులో చూడండి.

స్ప్రింగు వెడల్పు విషయం కూడా మరవకండి. వంగే దిశలో దాని గట్టిదనం వెడల్పు ఘనాన్ని బట్టి మారుతుంది. ఎచింగ్‌లో (సిలికాన్‌ను చెక్కే ప్రక్రియలో) 0.1 మైక్రాన్ తేడా మామూలే. 4 మైక్రాన్ల స్ప్రింగుకి దానివల్ల గట్టిదనం 7 - 8 శాతం మారుతుంది, 2 మైక్రాన్లకు 15 శాతం, 1 మైక్రాన్‌కైతే 30 శాతం పైనే. ఒకే వేఫర్ (చిప్‌లన్నీ చెక్కే సిలికాన్ పలక) మీది రెండు చిప్‌ల స్కేలు (ఒక జీకి చూపే అంకె) అంత తేడాగా వస్తే ప్రతిదాన్నీ ఫ్యాక్టరీలో విడిగా సరిచేయాలి. కాబట్టి చోటు తగ్గించాలంటే స్ప్రింగును సన్నం చేయకుండా పాములా మడవండి. వెడల్పు నిలుస్తుంది, పొడవు మడతల్లోకి పోతుంది.

అసలు తగ్గించాల్సిన చోటు వేరే ఉంది. 2 × 2 మి.మీ. ప్యాకేజీ విస్తీర్ణం 4 చదరపు మి.మీ. మీ దిమ్మ ఆక్రమించింది 0.16 చదరపు మి.మీ., అంటే 4 శాతం. మిగిలినదంతా మూత అతికించే అంచు, తీగ ప్యాడ్లు, పక్కన పరిచిన ఎలక్ట్రానిక్స్ చిప్, చుట్టూ పోసిన ప్లాస్టిక్. పాత పద్ధతిలో గాజు పేస్టుతో మూత అతికిస్తే అంచుకే వందల మైక్రాన్ల వెడల్పు కావాలి. అల్యూమినియం-జర్మేనియం మిశ్రమంతో అతికిస్తే కొన్ని పదుల మైక్రాన్లు చాలు. ఆ మిశ్రమం 424 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి కింద సర్క్యూట్ ఉన్న వేఫర్ మీదే నేరుగా అతికించవచ్చు. ఇన్వెన్‌సెన్స్ అనే సెన్సర్ల కంపెనీ తన గైరోలను ఇలాగే తయారుచేసింది. దీనివల్ల ఇంకో లాభం ఉంది. తీగలూ ప్యాడ్లూ కలిపి ఒకటి రెండు పికోఫారడ్ల పనికిరాని కెపాసిటెన్స్ తెస్తాయి, మీ సెన్సర్‌దేమో అర పికోఫారడ్. ఆ అదనపు భారం పోతే యాంప్లిఫయర్ నాయిస్ కూడా దిగుతుంది.

చిన్నది చేయడం మొదలుపెట్టే ముందు ప్యాకేజీలో ఏ భాగం ఎన్ని చదరపు మైక్రాన్లు తింటోందో ఒక పట్టిక వేయండి. దిమ్మను ముట్టుకోవడం ఆ పట్టికలో చివరి వరుసగా ఉండాలి.

ప్రశ్న: దిమ్మ చిన్నదైతే సిగ్నల్ తగ్గుతుంది కదా, దువ్వెన పళ్ళ మధ్య సందు 2 నుంచి 1 మైక్రాన్‌కి తగ్గిస్తే సరిపోదా?
– బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: సందు తగ్గిస్తే సిగ్నల్ పెరిగే మాట నిజం. 3 కిలోహెర్ట్జ్ దిమ్మ ఒక జీకి 27.6 నానోమీటర్లు జరుగుతుంది. 2 మైక్రాన్ల సందులో అది 1.4 శాతం. అర పికోఫారడ్‌లో 1.4 శాతమంటే 7 ఫెమ్టోఫారడ్లు, రెండు వైపుల తేడా తీసుకుంటే 14. ఒక మిల్లీ జీని చదవాలంటే ఫెమ్టోఫారడ్‌లో వెయ్యో వంతులైన అట్టోఫారడ్లను, 14 వరకూ, పట్టుకోవాలి. సందు సగమైతే కెపాసిటెన్స్ రెండింతలు, శాతం మార్పూ రెండింతలు, మొత్తం సిగ్నల్ నాలుగింతలు.

దీనికి మూడు అడ్డంకులున్నాయి.

పళ్ళ మధ్య వోల్టేజీ పెడితే అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఒక హద్దు దాటితే స్ప్రింగు ఓడిపోయి దిమ్మ పళ్ళకి అతుక్కుంటుంది. ఆ హద్దు సందుకి ఒకటిన్నర ఘాతంలో ఉంటుంది. పైన చెప్పిన డిజైన్‌లో స్ప్రింగు గట్టిదనం మీటరుకి 3.3 న్యూటన్లు. ఒక్కొక్కటి 150 మైక్రాన్ల పొడవున్న 30 పళ్ళు పెడితే, ఒక వైపు వోల్టేజీకి ఆ హద్దు 2.8 వోల్టులు. సందు 1 మైక్రాన్ చేస్తే 1 వోల్టుకి దిగుతుంది. వరంగల్ పాఠకురాలిలా అన్నీ సగం చేస్తే 0.7 వోల్టే. సందు వల్ల వచ్చిన లాభంలో పెద్ద భాగం వోల్టేజీ తగ్గించడంలోనే పోతుంది.

రెండోది అతుక్కోవడం. దిమ్మ ఎక్కువ దూరం పోకుండా 1.5 మైక్రాన్ల దగ్గర ఆపే బొడిపెలు పెడతారు. కిందపడ్డప్పుడు దిమ్మ వెళ్ళి వాటికి తగులుతుంది. అక్కడినుంచి వెనక్కి లాగే బలం మొదటి డిజైన్‌లో 5 మైక్రోన్యూటన్లు. అన్నీ సగం చేసిన దాంట్లో 0.3 మాత్రమే, పదహారో వంతు. ఉపరితలాల అతుకుబలం అంత వేగంగా తగ్గదు. ఒకసారి అతుక్కున్న సెన్సర్ ఏ దిశలో తిప్పినా ఒకే అంకె చూపిస్తుంది. బొడిపెల తాకే విస్తీర్ణం వీలైనంత తక్కువ చేయడం, దిమ్మను కింది పొర నుంచి వేరుచేసే విడుదల దశలో ద్రవానికి బదులు ఆవిరి రూపంలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడడం, నీటిని అంటనివ్వని ఒక్క అణువు మందం పూత వేయడం దీనికి మందులు. బొడిపెలకీ దిమ్మకీ ఒకే వోల్టేజీ ఉండేలా చూడండి, లేకపోతే తగిలిన చోట విద్యుదాకర్షణ కూడా తోడవుతుంది.

మూడోది తయారీ. లోతుగా నిటారుగా చెక్కే ఎచింగ్‌లో లోతుకీ వెడల్పుకీ నిష్పత్తి 20 దగ్గర ఉంటే పని సాఫీగా సాగుతుంది. 25 మైక్రాన్ల మందానికి 1.25 మైక్రాన్ల సందు అన్నమాట. గోడ అర డిగ్రీ వాలినా అడుగుకి చేరేసరికి 0.2 మైక్రాన్లు జరుగుతుంది. 2 మైక్రాన్ల సందు దాన్ని ఓర్చుకుంటుంది, 1 మైక్రాన్ సందుకి అది ఐదో వంతు. మీ మందం 25 మైక్రాన్లయితే 1.5 దగ్గర ఆగడం మంచిది.

ప్రశ్న: మా వేరబుల్‌లో 2 × 2 మి.మీ. సెన్సర్ తీసేసి, 1.2 × 0.8 మి.మీ. చిప్ పెట్టాం. డేటాషీట్ నాయిస్ బాగానే ఉంది. టంకం పెట్టాక ఆఫ్‌సెట్ (కదలకుండా ఉన్నప్పుడు చూపే తప్పు అంకె) 60 మిల్లీ జీ జరిగింది, కేసు స్క్రూలు బిగిస్తే మళ్ళీ మారింది. చిప్ పాడైందా?
– హార్డ్‌వేర్ ఇంజినీరు, హైదరాబాద్

జవాబు: చిప్ బాగానే ఉంది, అది మీ బోర్డు వంపును కూడా కొలుస్తోంది. సైజు తగ్గించే పనిలో ఎక్కువమందిని దెబ్బతీసేది నాయిస్ కంటే ఈ ఒత్తిడే. డేటాషీట్ మొదటి పేజీలో ఇది కనిపించదు.

సిలికాన్ డిగ్రీకి మిలియన్‌లో 2.6 వంతులు వ్యాకోచిస్తుంది, ఎఫ్‌ఆర్4 (గాజునార, ఎపాక్సీతో చేసిన) సర్క్యూట్ బోర్డు 14 - 17 వంతులు. టంకం 220 డిగ్రీల దగ్గర గట్టిపడి గది ఉష్ణోగ్రతకు వచ్చేసరికి బోర్డు ఎక్కువ కుంచించుకుని చిప్‌ను వంచుతుంది. దిమ్మను పట్టుకున్న కాలికీ, కదలని పళ్ళను పట్టుకున్న కాలికీ మధ్య 500 మైక్రాన్ల దూరం ఉందనుకోండి. చిప్ మిలియన్‌లో 10 వంతులు సాగితే చాలు, ఆ రెండూ 5 నానోమీటర్లు ఎడమవుతాయి. జీకి 27.6 నానోమీటర్లు జరిగే సెన్సర్‌లో 5 నానోమీటర్లంటే 180 మిల్లీ జీ. మీకు 60 వచ్చిందంటే చిప్ డిజైనర్లు తమ వంతు చాలా చేశారనే అర్థం. కాళ్ళన్నీ మధ్యలో దగ్గరగా పెట్టడం, రెండు వైపులా సమానంగా అమర్చడం వాళ్ళ పని.

ప్లాస్టిక్ ప్యాకేజీలో చిప్ కింద మెత్తని జిగురు పొర, సబ్‌స్ట్రేట్ ఉంటాయి. అవి కొంత వంపును మింగేస్తాయి. బాష్ బీఎంఏ580 లాంటి 1.2 × 0.8 × 0.55 మి.మీ. సెన్సర్లు టంకం బంతుల మీద నేరుగా బోర్డుపై కూర్చుంటాయి, మధ్యలో మెత్త ఏదీ ఉండదు. కాబట్టి పెద్ద ప్యాకేజీ వాడినప్పుడు చెల్లిన బోర్డు అలవాట్లు ఇక్కడ చెల్లవు.

ముందు మూలం ఎక్కడుందో పట్టుకోండి. బోర్డును బల్లమీద కదలకుండా పెట్టి 25 హెర్ట్జ్‌తో మూడు అక్షాలనూ రికార్డు చేస్తూ ఒక్కో స్క్రూ బిగించండి. ఏ స్క్రూ దగ్గర గీత మెట్టులా జరిగిందో చూడండి. తర్వాత స్క్రూలన్నీ వదులు చేసి బోర్డును 25 నుంచి 60 డిగ్రీలకి వేడిచేసి మళ్ళీ 25కి తీసుకురండి. పాత అంకెకి తిరిగొస్తే అది ఉష్ణోగ్రత డ్రిఫ్ట్, సాఫ్ట్‌వేర్‌తో సరిచేయవచ్చు. తిరిగి రాకపోతే టంకంలోనో జిగురులోనో ఒత్తిడి సర్దుకుంటోంది, దాన్ని ఏ పట్టికా సరిచేయలేదు.

మార్చాల్సినవి: సెన్సర్‌ను స్క్రూ రంధ్రాలకీ, కనెక్టర్లకీ, బటన్లకీ, ప్యానెల్ విరిచే అంచుకీ దూరంగా జరపండి. రెండు స్క్రూలను కలిపే గీత మీద అసలు పెట్టవద్దు, బోర్డు ఎక్కువ వంగేది అక్కడే. చిప్ కింద పై పొరలో ట్రాకులు, వయాలు (పొరలను కలిపే రంధ్రాలు) ఉండకూడదు. ప్యాడ్లన్నీ ఒకే సైజులో ఉండాలి, వాటినుంచి బయటికి వెళ్ళే ట్రాకుల వెడల్పు కూడా ఒకటే ఉండాలి. గ్రౌండ్ ప్యాడ్‌ను వెడల్పు రాగి పరుపుకి నేరుగా కలిపితే ఆ మూల ఆలస్యంగా చల్లబడి చిప్ వాలుతుంది. గట్టి ఎపాక్సీ అండర్‌ఫిల్ (చిప్ కింద నింపే జిగురు), పైపూత పోయవద్దు, తయారీదారు స్పష్టంగా అనుమతిస్తే తప్ప. సెన్సర్ చుట్టూ మూడు వైపులా గాడి కోసి ద్వీపకల్పంలా వదిలే పద్ధతి ఒత్తిడికి బాగా పనిచేస్తుంది, కానీ ఆ నాలుక పొడవైతే తానే కంపించి కొత్త సిగ్నల్ సృష్టిస్తుంది. పొట్టిగా ఉంచండి.

అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో ఈ బోర్డులను ఎప్పుడూ ముంచకండి. దాని పౌనఃపున్యం గైరో నిర్మాణాల పౌనఃపున్యానికి దగ్గరగా ఉంటుంది, స్ప్రింగులు విరిగిపోతాయి. టంకం అయ్యాక కనీసం 24 గంటలు ఆగి, కేసులో బిగించాకే ఆఫ్‌సెట్ సరిచేసి మెమరీలో రాయండి.

ప్రశ్న: గైరోను చిన్నది చేయడం యాక్సిలరోమీటర్ కంటే కష్టమంటారు, ఎందుకు?
– డిప్లొమా అధ్యాపకుడు, కర్నూలు

జవాబు: అది కొలిచే కదలిక అంత చిన్నది కాబట్టి. గైరోలో దిమ్మను ఒక దిశలో ఎప్పుడూ ఊపుతూ ఉంటారు. పరికరం తిరిగితే కొరియాలిస్ బలం దాన్ని లంబదిశలో నెడుతుంది. 25 కిలోహెర్ట్జ్‌తో 5 మైక్రాన్ల మేర ఊపితే గరిష్ఠ వేగం సెకనుకి 0.79 మీటర్లు. సెకనుకి ఒక డిగ్రీ భ్రమణానికి లంబదిశలో వచ్చే త్వరణం 2.8 మిల్లీ జీ. రెండు దిశల పౌనఃపున్యాల మధ్య 1 కిలోహెర్ట్జ్ ఎడం ఉంటే జరిగే దూరం 14 పికోమీటర్లు. సిలికాన్‌లో పక్కపక్క అణువుల మధ్య దూరం 235 పికోమీటర్లు.

ఎచింగ్‌లో గోడ కొంచెం వాలి, ఊపే కదలికలో వెయ్యో వంతు లంబదిశకి మళ్ళిందనుకుందాం. అది 5 నానోమీటర్లు, అంటే సెకనుకి 360 డిగ్రీలు తిరిగినంత దొంగ సిగ్నల్. అదృష్టం ఏమిటంటే దానికీ అసలు సిగ్నల్‌కీ 90 డిగ్రీల ఫేజ్ తేడా ఉంటుంది, విడదీయవచ్చు. విడదీసే సర్క్యూట్ ఫేజ్‌లో 0.1 డిగ్రీ తప్పితే సెకనుకి 0.6 డిగ్రీల ఆఫ్‌సెట్ బయటికి వస్తుంది. చిప్ వేడెక్కితే ఫేజ్ మారుతుంది, దానితో ఆఫ్‌సెట్ కూడా. అందుకే మంచి డిజైన్లలో ఈ దొంగ కదలికను మూలంలోనే వోల్టేజీతో నొక్కే ఎలక్ట్రోడ్లు పెడతారు. చోటు మిగులుతుందని వాటిని తీసేయకండి.

రెండింటినీ ఒకే చిప్‌లో పెడితే ఇంకో తగువు. గైరోకి వాక్యూమ్ దగ్గర పీడనం కావాలి, లేకపోతే ఊపడానికి శక్తి చాలదు. యాక్సిలరోమీటర్‌ను అదే వాక్యూమ్‌లో పెడితే ఒక తట్టుకి మోగుతూ ఉండిపోతుంది. కాబట్టి మూత కింద రెండు గదులు, రెండు పీడనాలు. ఒక గదికి సన్న రంధ్రం వదిలి, పీడనం మార్చాక లేజర్‌తో సిలికాన్ కరిగించి మూయడం ఒక దారి.

ప్రశ్న: నాలుగు చిన్న చవక సెన్సర్లు పెట్టి సగటు తీస్తే ఒక పెద్ద సెన్సర్‌తో సమానమా?
– ఎలక్ట్రానిక్స్ అభిరుచి గల పాఠకుడు, విజయవాడ

జవాబు: నాయిస్ వరకే. నాలుగింటి సగటుకి నాయిస్ సగమవుతుంది. ఉష్ణోగ్రత డ్రిఫ్ట్, బోర్డు వంపు అన్నిటినీ ఒకే వైపు లాగుతాయి కాబట్టి సగటుతో పోవు. రెండు సెన్సర్లను ఒకదానికొకటి 180 డిగ్రీలు తిప్పి బిగించి ఒకదాని గుర్తు మార్చి కలిపితే, బోర్డు తలంలోని రెండు అక్షాల్లో ఉమ్మడి డ్రిఫ్ట్ చాలావరకు కొట్టుకుపోతుంది. బోర్డుకి లంబంగా ఉన్న అక్షానికి ఈ ఉపాయం పనిచేయదు, అందుకు ఒకదాన్ని బోర్డు వెనక వైపు బిగించాలి.

ప్రశ్న: పంపుసెట్ మోటారు వైబ్రేషన్ చూడడానికి చిన్న సెన్సర్ పెట్టాను. సెకనుకి 100 రీడింగులు తీస్తున్నాను. 4 హెర్ట్జ్ దగ్గర ఒక కంపనం కనబడుతోంది, మోటారు చూస్తే 1440 ఆర్‌పీఎం. ఇదెక్కడిది?
– ఎలక్ట్రీషియన్, ఖమ్మం జిల్లా

జవాబు: 1440 ఆర్‌పీఎం అంటే 24 హెర్ట్జ్. దాని నాలుగో రెట్టు 96. సెకనుకి 100 రీడింగులు తీసేటప్పుడు 96 హెర్ట్జ్ కంపనం 4గా కనిపిస్తుంది. రీడింగుల వేగం 800కో 1600కో పెంచి, సెన్సర్ లోపలి ఫిల్టర్‌ను అందులో సగం కంటే బాగా తక్కువకి పెట్టి చూడండి, 4 హెర్ట్జ్ గీత మాయమై 96 దగ్గర తేలుతుంది. రేంజి 2 జీ మీద ఉంటే 8కి మార్చండి. గురుత్వం ఒక జీ ముందే తినేస్తుంది కాబట్టి 3 జీ కుదుపులు ఒక వైపు మాత్రమే కత్తిరించబడి, సగటు తప్పుతుంది. ఫోమ్ టేపు మీద అంటించి ఉంటే పీకేయండి. ఎపాక్సీతోనో, చదును చేసిన ఇనుము మీద స్టడ్‌తోనో బిగించాలి.

ప్రశ్న: ఇంట్లో ఖరీదైన పరికరాలు లేకుండా యాక్సిలరోమీటర్‌ను సరిచేసుకోవడం ఎలా?
– పాఠకురాలు, తిరుపతి

జవాబు: భూమి ఆకర్షణే మీ పరికరం. అన్ని ముఖాలూ లంబంగా కోసిన అల్యూమినియం దిమ్మకి బోర్డును బిగించి, గట్టి రాయి మీద ఆరు ముఖాల మీదా ఒక్కో అర నిమిషం ఉంచండి. 100 హెర్ట్జ్‌తో తీసి సగటు రాసుకోండి. ఒక అక్షం పైకి చూసినప్పటి, కిందికి చూసినప్పటి అంకెలు కలిపి రెండుతో భాగిస్తే ఆఫ్‌సెట్. తేడాను రెండుతో భాగిస్తే స్కేలు. దిమ్మ కోణం 0.1 డిగ్రీ తప్పితే పక్క అక్షాల్లో 1.7 మిల్లీ జీ దొర్లుతుంది, నిలువు అక్షానికి దాదాపు ఏమీ కాదు. సెన్సర్ వేడెక్కి స్థిరపడటానికి ముందు పది నిమిషాలు కరెంటిచ్చి వదలండి, ఆ సమయంలో ఫ్యాను ఆపండి.

స్కేలు దగ్గర ఒక జాగ్రత్త. డేటాషీట్‌లోని ఒక జీ అంటే 9.80665. మన అక్షాంశాల్లో గురుత్వం దానికంటే తక్కువ, హైదరాబాద్‌లో సుమారు 9.78. సరైన సెన్సర్ కూడా అక్కడ 1000 మిల్లీ జీకి బదులు 997.6 దగ్గర చూపించాలి. 1000 వచ్చేదాకా సాగదీస్తే వంపు కోణాల లెక్కకి నష్టం లేదు, ఎందుకంటే అక్కడ అక్షాల నిష్పత్తే వాడతాం. త్వరణాన్ని మీటర్లలో చెప్పాల్సిన పనికి మాత్రం 0.24 శాతం తప్పు మీరే రాసిపెట్టినట్టవుతుంది.